హీబ్రూ అక్షరాలు నేర్పే యాప్‌లు: ఐదేళ్ల పాపకి ఏది పనికొస్తుంది?

రెహోవోత్_రాధ
అందరికీ నమస్తే. మేం ఇజ్రాయెల్‌లో, రెహోవోత్‌లో ఉంటాం, మా ఆయన వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో పోస్ట్‌డాక్. పాపకి ఐదు దాటింది, గన్ ఖోవాలో, అంటే ఒకటో క్లాసుకి ముందుండే కిండర్‌గార్టెన్‌లో ఉంది, సెప్టెంబర్ 1న కితా అలెఫ్‌లో, అంటే ఒకటో క్లాసులో చేరాలి. హీబ్రూ మాట్లాడటం మా ఇద్దరికన్నా దానికే బాగా వచ్చు, అలిగితే కూడా హీబ్రూలోనే అలుగుతుంది. అక్షరాల దగ్గరే టెన్షన్. తోటి పిల్లలకి ఇంట్లో ఎవరో ఒకరు పుస్తకాలు చదివి వినిపిస్తారు, మా ఇంట్లో ఆ లిపి చదవగలిగేవాళ్లే లేరు. ప్లే స్టోర్‌లో చూస్తే యాప్‌లు కుప్పలు కుప్పలు, అన్నిట్లోనూ అదే సింహం, అదే ఒంటె, అవే చప్పట్లు. వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పిల్లకి ఫోన్ ఇవ్వొద్దు అనే సలహా మాత్రం వద్దు, అది మా అత్తగారు వీడియో కాల్‌లో రోజూ ఇస్తూనే ఉన్నారు.

న్యూజెర్సీ_పద్మ
రాధ గారూ, మా బాబు ఇక్కడ యూదుల కమ్యూనిటీ సెంటర్ ప్రీస్కూల్‌కి వెళ్తాడు. మేం యూదులం కాదు, ఇంటికి దగ్గర, టీచర్లు మంచివాళ్లు, అందుకని వేశాం, ఇక్కడ చాలామంది మనవాళ్లు అలాగే వేస్తారు. వాడు అలెఫ్ బెత్, అంటే హీబ్రూ అక్షరాల పాట పాడుతుంటే ముచ్చటేసి ఒక యాప్ పెట్టాం. కొన్నాళ్లకి టీచర్ అడిగింది, వీడు తావ్ అనే అక్షరాన్ని సావ్ అంటున్నాడు, ఎవరు నేర్పారు అని. ఆ యాప్‌లో ఉన్నది అష్కెనజీ ఉచ్చారణ. తూర్పు యూరప్ నుంచి వచ్చిన పాత పద్ధతి అన్నమాట, లోపల చుక్క లేని తావ్‌ని 'స్' అంటారు, షబ్బాత్ వాళ్ల నోట్లో షబ్బోస్ అవుతుంది, కమత్స్ అనే అచ్చు గుర్తుని 'ఒ'లా పలుకుతారు. ప్రార్థనలు ఆ పద్ధతిలో చదివేవాళ్లకి అదే సరైనది, అందులో తప్పేం లేదు. మీ పాప ఇజ్రాయెల్ స్కూల్లో చదవాలి కాబట్టి మీకు మాత్రం అది పనికిరాదు. అమెరికాలో తయారైన యాప్ అయితే ముందు తావ్ నొక్కి వినండి.

హైఫా_సుజాత
పద్మ గారు చెప్పింది చాలా అవసరమైన మాట. మా ఇద్దరబ్బాయిలూ ఇక్కడే కితా అలెఫ్ చదివారు, ఇప్పుడు పెద్దాడు మిడిల్ స్కూల్. నాకు తెలిసింది రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

రాధా, అక్షరాలు 22. అందులో ఐదింటికి, కాఫ్, మెమ్, నున్, పే, త్సాదిక్, మాట చివర వస్తే వేరే రూపం ఉంటుంది, దాన్ని సోఫిత్ అంటారు. మొత్తం 27 బొమ్మలు. మన యాభై ఆరూ, వాటి ఒత్తులూ చూసిన కళ్లకి ఇదో లెక్క కాదు. అందుకే ఏ యాప్ అయినా పిల్లలు గబగబా పూర్తి చేసేస్తారు, మనం సంబరపడతాం. ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది.

మన తెలుగులో 'గ' అనే అక్షరం పేరూ గ, శబ్దమూ గ. హీబ్రూలో అక్షరం పేరు గిమెల్, శబ్దం 'గ్'. చాలా యాప్‌లు పేరు మాత్రమే నేర్పుతాయి. గిమెల్ బొమ్మ మీద నొక్కితే 'గిమెల్' అంటుంది, ఒంటె ఊగుతుంది, అయిపోయింది. మా పెద్దాడికి పేర్లన్నీ వచ్చు, వరసగా పాడేవాడు. పుస్తకంలో 'గమల్', అంటే ఒంటె, అనే మాట చూపిస్తే 'గిమెల్ మెమ్ లామెద్' అనేవాడు తప్ప ఎంతసేపటికీ గమల్ అని రాలేదు. కాబట్టి అక్షరం నొక్కినప్పుడు శబ్దం వినిపించే యాప్ కావాలి, ఆ తర్వాత నికుద్‌తో కలిపి గా, గి, గు, గె, గొ అని చదివించేది కావాలి. ఈ రెండూ లేకపోతే అది పాట వినిపించే బొమ్మ మాత్రమే.

రెహోవోత్_రాధ
సుజాతక్కా, నికుద్ అంటే అక్షరాల కింద ఉండే చుక్కలూ గీతలే కదా? గన్‌లో గోడ మీద చార్టులో చూశాను, కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల లేవు.

హైఫా_సుజాత
అవే. హీబ్రూ అక్షరాలన్నీ హల్లులే, అచ్చులు చూపించేది నికుద్. పిల్లల పుస్తకాల్లో, కవిత్వంలో, ప్రార్థన పుస్తకాల్లో ఉంటుంది, పేపర్లలో, వీధి బోర్డుల మీద దాదాపు ఉండదు. ఇక్కడ మన పిల్లలకి ఒక లాభం ఉంది, ఎవరూ చెప్పరు గానీ. గుణింతం తెలిసిన పిల్లకి నికుద్ అరగంట పని. హల్లుకి గుర్తు తగిలిస్తే అచ్చు మారుతుందనే సంగతి దానికి ముందే తెలుసు, ఇంగ్లీష్ నుంచి వచ్చిన పిల్లలు అక్కడే తంటాలు పడతారు. పైగా ఇక్కడ దీర్ఘాలు, హ్రస్వాలు అని పట్టింపు లేదు. కమత్స్, పతాఖ్ రెండూ 'అ'నే, త్సేరె, సెగోల్ రెండూ 'ఎ'నే. ఐదు అచ్చు శబ్దాలకి గుర్తులే ఎక్కువ.

ఒకచోట మాత్రం తెలుగు అడ్డం వస్తుంది. గుర్తు లేని హల్లుని మన పిల్లలు అలవాటు కొద్దీ 'అ' కలిపి చదువుతారు. గమల్‌లో చివరి లామెద్‌కి ఏ గుర్తూ ఉండదు, అది ఉత్త 'ల్'. మా చిన్నాడు 'గమల' అనేవాడు, టీచర్‌కి అర్థమయ్యేది కాదు ఎందుకంటున్నాడో. ఇది ఏ యాప్ పట్టుకోదు, తెలుగు పిల్లల కోసం చేసింది కాదు కదా. మీరే పక్కన కూర్చోవాలి.

జగిత్యాల_శీను
అక్కా, నేను రమత్ గన్‌లో కేర్‌గివర్‌ని. నా పిల్లలు ఊళ్లోనే ఉన్నరు, మా వీసాకి కుటుంబాన్ని తెచ్చుకోవడానికి లేదు. ఈ పిల్లల యాప్‌లు నేను నా కోసమే వాడిన. మాట్లాడటం సావ్తాతోనే, అంటే నేను చూసుకునే అవ్వతోనే వచ్చేసింది, ఆమెకి 90 దాటినయ్, ఇంగ్లీష్ రాదు, రాకపోతే నాకే మంచిదయింది. చదవడం ఎట్లా మరి? మందుల డబ్బాల మీద, కుపత్ ఖోలిమ్, అంటే ఇక్కడి ఆరోగ్య బీమా సంస్థ, నుంచి వచ్చే మెసేజీలల్ల అంతా హీబ్రూనే. ముప్పై ఏడేళ్ల మనిషిని, బస్సుల కూసొని సింహం బొమ్మ మీద వేలు పెట్టి దిద్దుతుంటే పక్కన కూసున్న చిన్న పిల్లగాడు 'అలెఫ్ అట్లా కాదు' అని నాకు నేర్పిండు.

అక్షరాలు వచ్చినయ్, సంతోషం. కానీ యాప్‌ల ఉన్న చుక్కలు బయట ఎక్కడా లేవు. అప్పుడు తెలిసింది, మాట ముందే తెలిసి ఉంటేనే చుక్కల్లేకుండా చదవగలుగుతం అని. నాకు మాటలు తెలుసు కాబట్టి నడిచింది. రాధ చెల్లె పాపకి కూడా మాట్లాడటం వచ్చు అంటున్నరు కాబట్టి టెన్షన్ పడకండి, సగం పని అయిపోయినట్టే.

కోడర్_కిరణ్
యాప్ చేసేవాళ్ల వైపు నుంచి నాలుగు మాటలు. హైదరాబాద్‌లో ఎడ్యుటెక్ కంపెనీలో చేశాను, అరబిక్, హీబ్రూ వెర్షన్‌లు చూశాను. మార్కెట్‌లో ఉన్న 'అక్షరాలు నేర్పే' యాప్‌లలో ఒక రకం ఉంటుంది, ఇంగ్లీష్‌కి చేసినదాన్నే తీసుకొని బొమ్మలు, ఫాంట్ మార్చేసి నలభై భాషల్లో వదులుతారు. వాటిని గుర్తుపట్టడం తేలిక. తర్వాతి పేజీకి వెళ్లే బాణం కుడివైపు చూపిస్తే అనుమానించండి. హీబ్రూ కుడి నుంచి ఎడమకి కాబట్టి ముందుకు వెళ్లడం అంటే ఎడమకి వెళ్లడం, పుస్తకం కూడా అటే తిరుగుతుంది. అక్షరాలు లాగి మాట కట్టే ఆటలో మొదటి గడి ఎడమవైపు ఉంటే ఇంకేం చూడక్కర్లేదు, తీసేయండి.

రెండోది నికుద్ ఎక్కడ కూర్చుందో చూడండి. యూనికోడ్‌లో అవి విడి గుర్తులు, అక్షరానికి అంటుకునేలా ఫాంట్ చూసుకోవాలి. చవకగా చేసినవాటిల్లో చుక్క పక్క అక్షరం కిందకి జారిపోతుంది, లేదా అక్షరం గీతలో కలిసిపోతుంది. షిన్ చూస్తే తెలిసిపోతుంది, పైన కుడివైపు చుక్క ఉంటే 'ష్', ఎడమవైపు ఉంటే 'స్'. ఆ చుక్కే లేకపోతే ఆ యాప్ సగం అక్షరమే నేర్పుతోంది. బెత్, కాఫ్, పే మధ్యలో చుక్క కూడా అంతే, ఉంటే బ్, క్, ప్, లేకపోతే వ్, ఖ్, ఫ్.

మూడోది గొంతు. యంత్రం గొంతుతో అక్షరం పేరు చెప్పించడం ఫర్వాలేదు, విడి శబ్దం చెప్పించడం కుదరదు, పక్కన ఏదో ఒక అచ్చు వచ్చి చేరుతుంది. మనిషి రికార్డ్ చేసినదే వెతకండి.

తెలుగోడు_1966
నాకు అర్థం కాని విషయం ఒకటి. తెలుగు పిల్లకి తెలుగు రాయడం వచ్చా? 'అ ఆ' రాకుండా అలెఫ్ బెత్ కోసం ఇంత చర్చా? పైగా ఫోన్‌లో! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించి స్క్రీన్ వద్దని, తక్కువైతే ఇంకా మంచిదని. పలక, బలపం ఇవ్వండి.

రెహోవోత్_రాధ
బాబాయ్ గారూ, తెలుగు ఇంట్లో చక్కగా మాట్లాడుతుంది, అక్షరాలు కూడా మొదలుపెట్టాం. కానీ సెప్టెంబర్‌లో బ్లాక్ బోర్డు మీద 'అ' ఉండదు కదా. మీరన్న గంట లెక్క మాకూ తెలుసు, దీనికి ఇచ్చేది పావుగంటే.

హీబ్రూ_మాస్టారు
1966 గారికి ఒక సంగతి. హీబ్రూని మళ్లీ మాట్లాడే భాషగా చేయడానికి పూనుకున్న ఎలియెజెర్ బెన్ యెహుదా 1881లో జెరూసలేం వచ్చి, 1882లో కొడుకు పుట్టాక ఇంట్లో హీబ్రూ తప్ప మరో మాట వినపడనివ్వలేదు. వీధిలో ఆ భాష మాట్లాడే పిల్లలే లేని రోజులు. ఇంటి భాష ఏదో ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలనడానికి అంతకన్నా మొండి ఉదాహరణ ఉండదు. రాధ గారింట్లో ఇంటి భాష తెలుగు, వీధి భాష హీబ్రూ. వీధి భాష స్కూలు చూసుకుంటుంది, లిపి దగ్గర కాస్త చెయ్యి అందిస్తే చాలు.

నేను హైదరాబాద్‌లో బైబిల్ కళాశాల విద్యార్థులకి హీబ్రూ చెప్తాను. పెద్దవాళ్లకే చెప్తాను కానీ తడబాట్లు అవే. మన తెలుగు బైబిల్ చదివినవాళ్లకి ఈ పేర్లు కొత్త కాదు, 119వ కీర్తనలో ఆలెఫ్, బేత్, గీమెల్ అని శీర్షికలు ఉంటాయి, అక్షరానికి ఎనిమిది వచనాల చొప్పున 22 అక్షరాలకి 176 వచనాలు. మూలంలో ప్రతి ఎనిమిదీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. చిన్నప్పటి నుంచి చదివినా ఆ శీర్షికలు ఏమిటో చాలామందికి తెలియదు. ఆ పేర్లు పాత పద్ధతివి కాబట్టి పాపకి అవి చెప్పకండి, ఇజ్రాయెల్‌లో పలికే తీరు వేరు.

నా విద్యార్థులు తికమకపడే జంటలు చెప్తాను, యాప్‌లో వీటిని పక్కపక్కన పెట్టి తేడా అడిగే ఆట ఉందా చూడండి. బెత్, కాఫ్ ఒకేలా ఉంటాయి, బెత్‌కి కింద కుడి మూల బయటికి పొడుచుకొస్తుంది, కాఫ్ గుండ్రంగా తిరుగుతుంది. దాలెత్‌కి పైన మూల పదునుగా ఉంటుంది, రేష్‌కి నున్నగా ఉంటుంది. హేలో ఎడమ కాలు పైగీతకి తగలదు, ఖెత్‌లో తగులుతుంది. చివరి మెమ్ నలుచదరం, సామెఖ్ గుండ్రం. అక్షరాలు వరసగా చూపించుకుంటూ పోయే యాప్‌లో ఈ జంటలు ఎప్పుడూ ఎదురుపడవు, అందుకే పిల్ల అన్నీ వచ్చేశాయి అనుకుంటుంది.

హైఫా_సుజాత
మాస్టారు చెప్పినవి కంటికి సంబంధించినవి, చెవికి ఇంకో గొడవ ఉంది. తెత్, తావ్ రెండూ 'త్'. కాఫ్, కూఫ్ రెండూ 'క్'. సామెఖ్, సిన్ ఒకటే. అలెఫ్, అయిన్ ఇప్పటివాళ్ల నోట్లో దాదాపు వినపడవు. చదవడానికి ఇది అడ్డం కాదు, రాయడానికి అడ్డం. కాబట్టి యాప్‌లో 'త్ శబ్దం ఏది' అని అడిగి తావ్ నొక్కితే ఒప్పు, తెత్ నొక్కితే తప్పు అంటే ఆ ప్రశ్న చేసినవాడిదే తప్పు. మా చిన్నాడు అలాంటి దాని మీద ఏడ్చాడు కూడా.

న్యూజెర్సీ_పద్మ
పేర్లు చెప్పండి ఎవరైనా! సలహాలు చదివి చదివి కళ్లు తిరుగుతున్నాయి.

కోడర్_కిరణ్
పేర్లు అంటే, టైనీట్యాప్ అని ఇజ్రాయెల్ కంపెనీదే ఒకటి ఉంది. అందులో టీచర్లే ఆటలు తయారుచేసి పెడతారు, గన్‌లో పాఠం చెప్పే గనెనెత్‌లు చేసిన అక్షరాల ఆటలు హీబ్రూలో బోలెడు. ఎవరు పడితే వాళ్లు చేస్తారు కాబట్టి నాణ్యత ఎగుడుదిగుడుగా ఉంటుంది, మీరే ఏరుకోవాలి. వెతికేటప్పుడు ఇంగ్లీష్‌లో కాకుండా హీబ్రూ కీబోర్డు పెట్టుకొని 'ఓతియోత్' అని కొట్టండి, అక్షరాలు అని అర్థం, ఫలితాలు పూర్తిగా మారిపోతాయి. యాప్ స్టోర్‌లో కూడా ఇదే చిట్కా, ఇజ్రాయెల్‌లో ఇజ్రాయెల్ పిల్లల కోసం చేసినవి అలానే దొరుకుతాయి.

డ్యువోలింగోలో, డ్రాప్స్‌లో హీబ్రూ ఉంది, కానీ అవి పెద్దవాళ్లకి. ఇంగ్లీష్ చదవడం రాని ఐదేళ్ల పిల్లకి కాదు. రాధ గారూ, మీరు నేర్చుకోండి వాటిలో.

హైఫా_సుజాత
మా స్కూల్లో మతాఖ్ అనే విద్యా సంస్థ వాళ్ల ఓఫెక్ పాఠాల సైట్ వాడేవాళ్లు, ఇజ్రాయెల్‌లో చాలా స్కూళ్లు వాడతాయి. స్కూలు యూజర్‌నేమ్ ఇస్తుంది, కాబట్టి సెప్టెంబర్ దాకా ఆగాలి. ఈలోపు గన్ నుంచి ఇంటికి వచ్చే సిఫ్రియత్ పిజామా పుస్తకాలు దాచుకోండి, పారేయకండి. 2009 నుంచి గన్‌ల ద్వారా ఉచితంగా ఇస్తున్నారు, నికుద్‌తో ఉంటాయి. నేనేం చేశానంటే, పై అంతస్తులో ఉండే కితా దాలెత్, అంటే నాలుగో క్లాసు, అమ్మాయిని పిలిచి ఒక్కో పుస్తకం చదివించి ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాను, దానికి దోసెలు వేసిపెట్టాను. మావాడు ఆ గొంతు వింటూ వేలు పెట్టి వెంట చదివేవాడు. నా లెక్కలో ఏ యాప్ కూడా దానికి సాటి రాలేదు, అయినా అక్షరాలు కళ్లకి అలవాటు కావడానికి యాప్ పనికొచ్చింది, కాదనను.

తెలుగోడు_1966
ఇది బాగుంది. దోసెలకి చదివే పిల్ల ఇక్కడ దొరకదు.

జగిత్యాల_శీను
దిద్దే యాప్‌ల గురించి ఎవరూ చెప్పలే. నేను వాడిన దాంట్ల వేలు ఎటు నుంచి ఎటు తిప్పినా, గీత నిండితే చాలు, నక్షత్రం ఇచ్చేది.

హైఫా_సుజాత
మంచి మాట అన్నావు అన్నా. మొదలుపెట్టాల్సిన చోట మొదలుపెట్టకపోతే ఒప్పుకోని యాప్ కావాలి, బాణంతో దారి చూపించాలి. వేలితో దిద్దడం వేరు, పెన్సిల్ పట్టడం వేరు, రెండోది కాగితం మీదే రావాలి. ఇంకో విశేషం, లెక్కలు ఇక్కడ కూడా ఎడమ నుంచి కుడికే రాస్తారు. హీబ్రూ నోట్‌బుక్‌లో ఇటు, లెక్కల నోట్‌బుక్‌లో అటు. పెద్దవాళ్లం మనం గాబరాపడతాం గానీ పిల్లలకి పట్టదు.

రెహోవోత్_రాధ
మా పాప ఎడమ చేతి వాటం. అది ఏమైనా సమస్యా?

హీబ్రూ_మాస్టారు
హీబ్రూకి అది హాయి. కుడి నుంచి ఎడమకి రాసేటప్పుడు కుడిచేతి వాళ్ల చెయ్యే రాసినదాని మీద పాకుతుంది, ఎడమచేతి వాళ్లకి ఆ బాధ లేదు.

రెహోవోత్_రాధ
ఒక్క మంచి వార్త! సరే, మీరంతా చెప్పినవి పెట్టుకొని నిన్న రాత్రి వడపోశాను. ఉన్నవాటిలో రెండు బాణం దగ్గరే పోయాయి. ఒకటి అన్నీ బాగున్నాయి గానీ సోఫిత్ రూపాలు లేవు. ఒకటి మిగిలింది, శబ్దం చెప్తుంది, నికుద్ ఉంది, అమ్మాయి గొంతు బాగుంది, యాడ్స్ మాత్రం మధ్యలో వస్తున్నాయి కాబట్టి డబ్బు కట్టేశాం. టైనీట్యాప్‌లో బెత్, కాఫ్ తేడా చూపించే ఆట కూడా దొరికింది. ఇంకో సందేహం, యాప్‌లో 'చేతిరాత' అని వేరే బటన్ ఉంది, నొక్కితే అలెఫ్ అలెఫ్‌లానే లేదు. అది కూడా నేర్పాలా?

హైఫా_సుజాత
ఇప్పుడే వద్దు. అచ్చు అక్షరాలని ద్ఫూస్ అంటారు, చేతిరాతని క్తావ్ అంటారు, ఇక్కడ చేత్తో రాసేదంతా క్తావ్‌లోనే. ముందు ద్ఫూస్‌లో చదవడం కుదరనివ్వండి, క్తావ్ ఎప్పుడు మొదలుపెట్టాలో టీచర్ చెప్తుంది, ఒక్కో స్కూలు ఒక్కోలా చేస్తుంది. రెండూ ఒకేసారి పెడితే త్సాదిక్‌ని 3 అనుకుంటారు, చేతిరాతలో అచ్చం అలాగే ఉంటుంది.

కోడర్_కిరణ్
ఆ బటన్ సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చేమో చూడండి, లేకపోతే పిల్లలు ముందు అదే నొక్కుతారు.

జగిత్యాల_శీను
పాపకి వద్దు గానీ నాకు కావాలె. సావ్తా సామాన్ల చిట్టీ చేత్తోనే రాస్తది, సూపర్‌మార్కెట్‌ల నిలబడి ఎవర్నో ఒకర్ని అడుగుతున్న. రైట్ ఇట్ హీబ్రూ అని ఒకటి దింపిన, రాస్తే గుర్తుపడుతది, బాగనే ఉంది. ఇవాళ్టి చిట్టీ ఫొటో పెడుతున్న. రెండో లైన్‌ల మధ్యల పొడుగ్గా పైకి లేచింది లామెదేనా? పక్కన 3 అని ఉంది, అది త్సాదిక్కా, మూడు ప్యాకెట్లా?

హైఫా_సుజాత
లామెదే అన్నా, మాట మధ్యలో గీత దాటి పైకి లేచే అక్షరం అదొక్కటే. ఆ మాట ఖలావ్, పాలు. పక్కనున్నది త్సాదిక్ కాదు, మూడు ప్యాకెట్లూ కాదు, 3 శాతం కొవ్వు ఉన్న పాలు తెమ్మంటోంది. 1 శాతం తెచ్చావంటే వెనక్కి పంపిస్తుంది, చూసుకో.